స్పోర్ట్ క్వాడా, యుటిలిటీ క్వాడా: కొండదారుల కోసం బండి కొన్న మా అనుభవం

మేము నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటాము. ట్రయల్స్ (అడవుల్లో, కొండల్లో ఉండే మట్టిదారులు) మీద తిరగడానికి ఒక క్వాడ్, అంటే హ్యాండిల్ పట్టి నడిపే నాలుగు చక్రాల బండి, కొనాలన్న ఆలోచన 2023 ఏప్రిల్‌లో గట్టిపడింది, సొంత బండి కొండదారి ఎక్కేసరికి అక్టోబరు వచ్చింది. ఆ నెలల్లో ఎవరిని అడిగినా వినిపించిన సమాధానం ఒకటే: వేగం కావాలంటే స్పోర్ట్ క్వాడ్, బరువులు మోయాలంటే యుటిలిటీ క్వాడ్. మాకు పొలం లేదు, వేటకు వెళ్ళే అలవాటు లేదు, మోయవలసిన బరువులు అసలే లేవు. ఆ లెక్కన కళ్ళు మూసుకుని స్పోర్ట్ క్వాడే కొనాలి. కానీ నాలాగా ఐదడుగుల రెండంగుళాల ఎత్తుండి, విజయవాడలో స్కూటీ తప్ప గేర్ల బండి ఎన్నడూ నడపని మనిషికి ఆ సమాధానం ఎంతవరకు పనికివస్తుందో చెప్పినవారు లేరు. అందుకే జరిగినది జరిగిన వరుసలో రాస్తున్నాను.

మా తమ్ముడు ఇదే రాష్ట్రంలోని రాలీ నగరంలో ఉంటాడు, వాడి దగ్గర యమహా రాప్టర్ 700ఆర్ అనే స్పోర్ట్ క్వాడ్ ఉంది. మాకు గంటన్నర దూరంలో ఉన్న యువారీ జాతీయ అటవీ ప్రాంతంలో బండ్ల ట్రయల్స్ ఏటా ఏప్రిల్ 1న తెరిచి డిసెంబరు 15 తరువాత మూసేస్తారు. అందుకని అవి తెరిచిన కొద్ది రోజులకే అక్కడ కలుసుకున్నాము. ముందు ఖాళీ మట్టిదారి మీద క్లచ్ వదలడం, గేరు మార్చడం ఓపికగా నేర్పించి, ఆ తరువాత వాడు నన్ను ట్రయల్ మీదికి పంపాడు.

ఆ బండి ఇచ్చిన ఆనందాన్ని తక్కువ చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. 686 సీసీ ఇంజన్, చేత్తో పట్టే క్లచ్, ఐదు గేర్లు, పెట్రోలుతో కలిపి 420 పౌండ్ల చిల్లర బరువు. శక్తి అంతా చైన్ ద్వారా వెనుక చక్రాలకే వెళుతుంది. వెడల్పైన మట్టిదారిలో మలుపు దగ్గర ఒళ్ళు లోపలి పక్కకు వంచి థ్రాటిల్ (యాక్సిలరేటర్) కాస్త నొక్కితే వెనుక చక్రాలు మెల్లగా జారి, బండి ముక్కు తనంతట తానే దారిలోకి తిరుగుతుంది. ముందు 9 అంగుళాలు, వెనుక 10 అంగుళాలు కదిలే సస్పెన్షన్ వల్ల గతుకులు వరుసగా వస్తున్నా నడుముకు దెబ్బ తగలలేదు. ఆ తరువాత నడిపిన ఏ యుటిలిటీ బండి మీదా నాకు అంతటి సంతోషం కలగలేదని ముందే చెప్పాలి.

అదే రోజు మధ్యాహ్నం రాళ్ళ ఎగువ దారి వచ్చింది. యువారీలో జీపులు, క్వాడ్‌లు ఒకే దారిలో నడుస్తాయి. ముందున్న జీపు ఒక బండరాయి ఎక్కడానికి తంటాలు పడుతుంటే వెనుక ఉన్నవాళ్ళు ఎగుడు మధ్యలోనే ఆగవలసి వస్తుంది. స్పోర్ట్ క్వాడ్‌లో లో రేంజ్ (బాగా మెల్లగా, బలంగా నడిపించే గేరు) ఉండదు, మొదటి గేరు కూడా నడక వేగానికి తగ్గదు, కాబట్టి క్లచ్‌ను సగం పట్టి సగం వదులుతూ బండిని ముందుకు జరపాలి. ఊపుతో ఎక్కేవారికి ఆ ఎగుడు పెద్ద లెక్కలోది కాదు. ఆగి మళ్ళీ బయలుదేరవలసిన నాకు ప్రతిసారీ ఇంజన్ ఆగిపోవడమో, వెనుక చక్రాలు రాయి మీద గిర్రున తిరగడమో జరిగింది. అది బండి లోపం కాదు. ఆ బండిని ఆ పని కోసం తయారుచేయలేదు. వెనుక ఇరుసు మీద చైన్ స్ప్రాకెట్, బ్రేక్ డిస్కు నేలకు దగ్గరగా వేలాడుతుంటాయి, టైరు ఎత్తు 20 అంగుళాలే, కాబట్టి ప్రతి రాయినీ చూసుకుని పక్కనుంచి పోవాలి. ఎడమచేతి వేళ్ళు ఆ రాత్రి చపాతీ తుంచడానికి కూడా వంగలేదు.

ఇంటికి వచ్చే దారిలో మా వారు అడిగిన ప్రశ్న నాకు బాగా పనికివచ్చింది. ఈ రోజు మొత్తంలో వేగంగా పోయింది ఎంతసేపు, మెల్లగా పోయింది ఎంతసేపు అని ఆయన అడిగారు. ఆలోచించి చూస్తే రెండో, మూడో గేరు దాటి స్వేచ్ఛగా నడిపిన సమయం చాలా కొద్దిగా తేలింది. మిగిలినదంతా ఎక్కడం, దిగడం, ఎదురుగా వచ్చేవారికి దారి ఇవ్వడం, ఆగడం, మళ్ళీ బయలుదేరడం. ట్రయల్ కోసం బండి ఎంచుకునేటప్పుడు అది ఎంత వేగంగా పోగలదు అన్నదానికంటే ఎంత మెల్లగా, ఎంత నిబ్బరంగా పోగలదు అన్నది చూడాలని నాకు అప్పుడే అనిపించింది, ఆ తరువాత చూసినవన్నీ ఆ అభిప్రాయాన్ని బలపరిచాయి.

ఏ బండి కొన్నా ముందు శిక్షణ తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. ఏటీవీ (క్వాడ్‌కే ఇంకొక పేరు) సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ వారి రైడర్‌కోర్స్‌లో చోటు దొరకడానికి మూడు వారాలు పట్టింది; మే నెలలో ఒక శనివారం సగం రోజు జరిగింది. సభ్య కంపెనీల కొత్త బండి కొన్నవారికి ఈ శిక్షణ ఉచితంగా దొరుకుతుంది, కొనకముందు చేరాను కాబట్టి నేను రుసుము కట్టవలసి వచ్చింది. అయినా కొనకముందు చేరడమే మంచిది, ఎందుకంటే ఏ బండి కావాలో తేల్చుకోవడానికి ఉపయోగపడిన విషయాలు నాకు అక్కడే తెలిశాయి.

ఎక్కేటప్పుడు ముందుకు వంగాలి, దిగేటప్పుడు వెనక్కు జరగాలి, దారి ఒక పక్కకు వాలి ఉంటే ఎత్తుగా ఉన్న వైపుకు ఒళ్ళు మోపాలి అన్నవి ఎవరైనా చెబుతారు. ఎగుడు మధ్యలో బండి ఆగిపోతే ఏం చేయాలన్నదే అసలైన పాఠం: బ్రేకులు గట్టిగా పట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, ఎత్తువైపు నుంచి దిగి, బండిని మెల్లగా తిప్పుకోవాలి, న్యూట్రల్‌లో వెనక్కు దొర్లనివ్వడం ఎంతమాత్రం చేయకూడదు. ఆ పాఠం నేర్పుతూ శిక్షకుడు, 'ఈ బండిని మీరొక్కరే తిప్పగలరా లేదా అన్నది కొనకముందే చూసుకోండి' అన్నాడు. 420 పౌండ్ల బండిని నేను తిప్పగలిగాను. 700 పౌండ్ల బండిని చదునైన నేల మీదే కదిలించలేకపోయాను. యుటిలిటీ వైపు మొగ్గుతున్న నాకు అక్కడ మొదటిసారి సందేహం పుట్టింది.

జూన్‌లో వెస్ట్ వర్జీనియాలోని హ్యాట్‌ఫీల్డ్-మెక్కాయ్ ట్రయల్స్‌కు వెళ్ళాము. షార్లెట్ నుంచి ఐ-77 మీద ఉత్తరంగా రెండున్నర గంటలకు పైగా ప్రయాణం; చివర్లో ఈస్ట్ రివర్ కొండ కింది సొరంగం దాటగానే వెస్ట్ వర్జీనియాలోకి అడుగుపెడతాము. పాత బొగ్గు గనుల ప్రాంతంలో వెయ్యి మైళ్ళకు పైగా విస్తరించిన దారులివి. బ్రామ్‌వెల్ దగ్గర మొదలయ్యే పొకహాంటస్ ట్రయల్స్‌ను మేము ఎంచుకున్నాము. అనుమతి పత్రం బండికి కాక మనిషికి తీసుకోవాలి, ఎప్పుడు కొన్నా దాని గడువు ఆ డిసెంబరు 31తో ముగుస్తుంది. అందువల్ల ఏడాది చివర్లో కొనేవారికీ అదే ధర పడుతుంది. హెల్మెట్ లేకుండా ఎవరినీ అనుమతించరు. ఒక్కరి కోసం చేసిన క్వాడ్ మీద వెనుక ఇంకొకరిని ఎక్కించుకోకూడదు, ఊళ్ళలో భార్యాపిల్లలను స్కూటర్ మీద ఎక్కించుకుని తిరిగిన మనవాళ్ళు ముందుగా తెలుసుకోవలసిన నియమమిది.

స్పోర్ట్ క్వాడ్ అద్దెకు తీసుకుని అవే దారుల మీద పోల్చి చూడాలని అనుకున్నాము, కానీ మేము ఫోన్ చేసిన అద్దె దుకాణాలలో ఎవరి దగ్గరా అది లేదు. అందరి దగ్గరా ఉన్నవి యుటిలిటీ క్వాడ్‌లు, పక్కపక్కన కూర్చునే పెద్ద బండ్లు. చివరకు పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570 అనే యుటిలిటీ క్వాడ్ ఒకటి నా కోసం అద్దెకు తీసుకున్నాము, తమ్ముడు తన రాప్టర్‌ను పికప్ వెనుక వేసుకుని వచ్చాడు. రోజు అద్దె, నష్టపూచీ రుసుము కలిపి 300 డాలర్లకు దగ్గరగా అయింది. తిరిగి ఇచ్చేటప్పుడు దెబ్బలు పరీక్షిస్తారు కనుక, తీసుకునేటప్పుడే నాలుగు వైపులా ఫోటోలు తీసుకోవడం మరచిపోవద్దు.

ఇక్కడి దారులకు పచ్చ, నీలం, నలుపు గుర్తులుంటాయి. పచ్చ తేలిక, నలుపు కఠినం. పచ్చ దారుల్లో పెద్ద భాగం పాత గనుల బాటలు. అక్కడ తమ్ముడు నాకు కనబడకుండా పోయి, మలుపు మలుపులో ఆగి నా కోసం ఎదురుచూశాడు. నీలం దారుల్లోకి వెళ్ళాక పరిస్థితి మారింది. ముందు రోజు రాత్రి వాన పడింది. తడిసిన రాళ్ళ ఎగుడు ముందు లో గేరు వేసి, ఫోర్ వీల్ డ్రైవ్ మీట నొక్కి, బొటనవేలితో థ్రాటిల్ కొద్దిగా పట్టుకుంటే చాలు, బండి తన దారి తాను చూసుకుని ఎక్కింది. మధ్యలో ఆపినా కంగారు లేదు, బెల్టు సాయంతో గేర్లు వాటంతటవే సర్దుకునే బండి కనుక క్లచ్ గొడవ లేదు, మళ్ళీ వేలు నొక్కితే కదులుతుంది. నా చూపు మొదటిసారి చేతుల మీద నుంచి దారి మీదికి మళ్ళింది. చెట్లను, లోయను, కింద కనబడే రైలుదారిని నేను చూసింది ఆ రోజే.

అయితే యుటిలిటీ బండి నన్ను భయపెట్టిన చోటు కూడా అక్కడే ఉంది. దారి లోయ వైపు వాలి ఉన్న ఒక చోట, ఎత్తుగా, బరువుగా ఉన్న ఆ బండి కింది వైపుకు ఒరుగుతున్నట్టు అనిపించి, గుండె గొంతులోకి వచ్చింది. పొట్టిగా, నేలకు అంటుకున్నట్టుండే రాప్టర్ మీద తమ్ముడు అదే చోట లేచి నిలబడి సునాయాసంగా దాటిపోయాడు. యుటిలిటీ బండి భద్రమైనది, స్పోర్ట్ బండి ప్రమాదకరమైనది అని తేల్చేసేవారి మాట నేను నమ్మకపోవడానికి కారణం ఇదే. ఏటవాలు దారిలో తక్కువ ఎత్తున్న బండికి ఉన్న నిలకడ ఎక్కువ ఎత్తున్న బండికి రాదు.

సాయంత్రం ఒళ్ళు నొప్పులు కూడా వేరువేరుగా ఉన్నాయి. తమ్ముడికి ముంజేతులు, తొడలు పట్టేశాయి, ఎందుకంటే వాడు రోజులో సగం నిలబడే నడిపాడు. నాకు కుడిచేతి బొటనవేలు మర్నాటి దాకా సలిపింది. కుడి తొడకు ఇంజన్ వేడి తగులుతూ ఉండడం కూడా చిరాకు పెట్టింది. నీళ్ళు, పనిముట్లు, టైరు పంక్చర్ సామాను, వానకోటు అన్నీ వాడు వీపున మోశాడు. నా బండికి ముందొక ర్యాకు, వెనుకొక ర్యాకు ఉన్నాయి; పులిహోర డబ్బా, మజ్జిగ సీసా కూడా వెనుక ర్యాకు మీదే ప్రయాణం చేశాయి. రోజంతా తిరిగేవారికి ఇది చిన్న విషయం కాదు, వీపు మీద బరువుంటే ఒళ్ళు అటూ ఇటూ వంచడం కష్టమై బండి మీద పట్టు తగ్గుతుంది.

రెండింటి మధ్య రకం ఉంది కదా అని చాలామంది సలహా ఇచ్చారు. క్యాన్-యామ్ రెనెగేడ్, పొలారిస్ స్క్రాంబ్లర్ లాంటివి చూడడానికి స్పోర్ట్ బండ్లలా ఉన్నా, నాలుగు చక్రాల పట్టు, బెల్టు గేరు కలిగినవి. వాటి ధర మా అంచనాకు పైన ఉంది, బరువు యుటిలిటీ బండ్లదే, ర్యాకుల సౌకర్యం మాత్రం వాటిలా ఉండదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. అటవీ శాఖ ఆధీనంలోని చాలా ట్రయల్స్ 50 అంగుళాలకు మించని వెడల్పు ఉన్న బండ్లకే తెరిచి ఉంటాయి. స్క్రాంబ్లర్‌లోనే ఎక్స్‌పీ 1000 ఎస్ అనే రకం వెడల్పు 55 అంగుళాలు. షోరూమ్‌లో చూసినప్పుడు ఆ ఐదంగుళాలు ఎవరి కంటా పడవు, కాబట్టి టేపు పట్టుకుని వెళ్ళి టైరు అంచు నుంచి అంచు వరకు కొలుచుకోండి.

జూలైలో వాడిన బండ్లు కూడా చూశాము. స్పోర్ట్ బండ్లు చవకగా దొరికాయి, కానీ వాటిలో చాలావరకు దూకించి, బురదలో నానబెట్టి వాడినవి. వెనుక చక్రాన్ని రెండు చేతులతో పట్టి ఊపితే ఇరుసు కదలడం, ఫ్రేమ్ అతుకుల దగ్గర కొత్త రంగు పూసి ఉండడం చూసి వదిలేశాము. ఇంకొకదానికి సైలెన్సర్ మార్చేసి ఉంది. అటవీ శాఖ భూముల్లో స్పార్క్ అరెస్టర్ (సైలెన్సర్ నుంచి నిప్పురవ్వలు బయటకు రాకుండా ఆపే జాలి) తప్పనిసరి కనుక ఆ బండితో యువారీలో అడుగు పెట్టలేము. వాడిన యుటిలిటీ బండ్లలో చూడవలసినవి వేరు: చక్రాల దగ్గరి ఇరుసు రబ్బరు తొడుగులు చిరిగాయా, డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేరు పెట్టె) ఆయిల్ నీళ్ళు కలిసి తెల్లగా మారిందా, బెల్టు కాలిన వాసన వస్తోందా. అన్నీ సరిగ్గా ఉన్నవాటి ధర కొత్తదానికి పెద్దగా తగ్గలేదు.

శిక్షకుడు లేవనెత్తిన బరువు ప్రశ్న నా మనసులోనే ఉంది కనుక, పెద్ద ఇంజన్లను వదిలి తక్కువ బరువున్న యుటిలిటీ బండ్ల వైపు చూశాము. హోండా రాంచర్, యమహా కోడియాక్ 450 చివరి దాకా మిగిలాయి. రాంచర్ గట్టిదనం గురించి అందరూ మంచిగానే చెప్పారు, కానీ మేము చూసిన రకానికి వెనుక ఇరుసు ఒకటే కడ్డీగా ఉంది. కోడియాక్‌కు నాలుగు చక్రాలూ విడివిడిగా కదులుతాయి, దిగుడులో ఇంజన్ బ్రేకింగ్ నమ్మకంగా పట్టుకుంటుంది, పవర్ స్టీరింగ్ ఉన్న రకం దొరుకుతుంది. 421 సీసీ చిన్న ఇంజనని తమ్ముడు నిరుత్సాహపడ్డాడు. 600 పౌండ్లకు పైబడిన ఆ బండిని షోరూమ్ వెనుక ఖాళీ స్థలంలో న్యూట్రల్‌లో పెట్టి, నేను ఒక్కదాన్నే తోసి, హ్యాండిల్ తిప్పి, మళ్ళీ వెనక్కు లాగగలిగాను. నా వరకు నిర్ణయం అక్కడ జరిగిపోయింది.

ధర విషయంలో కొత్తవారు జాగ్రత్తగా ఉండాలి. చీటీ మీద వేసిన ధర ఒకటి, చేతికి వచ్చేసరికి కట్టేది ఇంకొకటి. రవాణా, బిగింపు, పత్రాల రుసుములు కలిపి దాదాపు 1,300 డాలర్లు, పన్ను వేరు. 'అన్నీ కలిపి గుమ్మం దాటేసరికి ఎంత' అని రాతపూర్వకంగా అడిగితేనే అసలు అంకె బయటకు వచ్చింది. మూడు షోరూమ్‌ల నుంచి అలా రాయించుకుంటే ఒకే బండికి 900 డాలర్ల తేడా కనబడింది. తక్కువ చెప్పినవారి దగ్గర జూలై చివరి వారంలో 500 డాలర్లు బయానా కట్టాము. మూడు వారాలన్నారు, ఏడు వారాలు పట్టింది. నాలుగో వారం నుంచి మేమే ఫోన్ చేయవలసి వచ్చింది, ఒక్కొక్కరు ఒక్కొక్క తేదీ చెప్పారు. అలసిపోయి, అక్కడ సిద్ధంగా ఉన్న పెద్ద బండిని తీసుకుపోదామా అన్న మాట కూడా మా ఇద్దరి మధ్య వచ్చింది. బయానా వెనక్కు ఇస్తారన్న మాట రసీదులో రాయించుకుని ఉండడం వల్లనే ఆ వారాలు కొంత ప్రశాంతంగా గడిచాయి.

సెప్టెంబరు మూడో వారంలో బండి వచ్చింది. అప్పటికి మేము లెక్కలోకి తీసుకోని ఖర్చు ఎదురైంది: దాన్ని మోసుకువెళ్ళే ఏర్పాటు. తమ్ముడి రాప్టర్ ర్యాంపు వేసుకుని పికప్ వెనుకకు ఎక్కిపోతుంది. మాకు పికప్ లేదు. మా కారుకు వెనుక కొక్కెం, దీపాల తీగలు బిగించడానికి 600 డాలర్లు, చిన్న ట్రైలర్‌కు 1,500 డాలర్లు, కట్టే పట్టీలకు, తాళానికి ఇంకొంత. హెల్మెట్, గాగుల్స్, చీలమండ దాటే బూట్లు, చేతి తొడుగులు ఇద్దరికీ కలిపి 700 డాలర్లు దాటాయి. వీటిలో ఏదీ వదిలేయదగినది కాదు. స్పోర్ట్ బండి కొన్నా రక్షణ సామగ్రి ఖర్చు తప్పదు, ట్రైలర్ ఖర్చు మాత్రం పికప్ ఉన్నవారికి తప్పవచ్చు.

అక్టోబరు రెండో వారంలో మళ్ళీ బ్రామ్‌వెల్ వెళ్ళాము. ఈసారి నేను నా బండి మీద, తమ్ముడు తన బండి మీద, మా వారు అద్దె బండి మీద. ఎండిన ఆకులు దారిని కప్పేసి రాళ్ళు కనబడకపోవడం వల్ల అందరమూ మెల్లగానే నడిపాము. ఒక నీటిగుంట దగ్గర రాప్టర్ వెనుక చక్రాలు దిగబడిపోతే, నా బండికి కొత్తగా బిగించుకున్న విన్చ్‌తో (తీగను చుట్టుకుంటూ లాగే యంత్రం) లాగాము. పట్టీ చెట్టు మొదలుకు ఎలా చుట్టాలో, తీగ మీద బరువుగా కోటు ఎందుకు కప్పాలో అప్పుడే చేసి నేర్చుకున్నాము. ఏటవాలు దారి దగ్గర నా బండి మునుపటి అద్దె బండి కంటే తక్కువ భయపెట్టింది, అయినా నేను నిలబడి, ఎత్తువైపు ఒరిగి, ఊపిరి బిగబట్టుకునే దాటాను. ఆ సాయంత్రం తమ్ముడు నా బండిని కాసేపు నడిపి, ఎక్కడంలో దీనికి తిరుగులేదన్నాడు, మలుపులో మాత్రం ప్రాణం లేదన్నాడు. రెండూ నిజమే. వాడికి వారాంతమంటే మలుపులు, దుమ్ము, ఒళ్ళంతా పనిచేసిన అలసట. వాడు రాప్టర్‌ను అమ్మడు, అమ్మమని నేను చెప్పను.

మొదటి సర్వీసు నెల లోపు గానీ 20 గంటల నడకకు గానీ చేయించాలి. షోరూమ్‌లో 280 డాలర్లు అడిగారు. ఇంజన్ ఆయిల్, ఫిల్టరు, రెండు డిఫరెన్షియళ్ళ ఆయిల్ మార్చడం మా వారు గ్యారేజీలో మధ్యాహ్నం లోపే పూర్తిచేశారు, సామానుకు 90 డాలర్లు అయింది. రసీదులు, మార్చిన తేదీ, గంటల మీటరు అంకె ఒక పుస్తకంలో రాసి పెడుతున్నాము, వారంటీ అవసరం పడితే అడిగేది అవే. తమ్ముడి బండికి ఈ డిఫరెన్షియళ్ళ పని లేదు కానీ, ప్రతి ప్రయాణం తరువాత చైన్ కడిగి, నూనె వేసి, బిగువు సరిచూడాలి. ఎవరైనా ఏ బండి కొనాలని అడిగితే, ముందు ఈ రెండు పనులలో ఏది విసుగు లేకుండా చేయగలరో కూడా ఆలోచించుకోమంటాను.